కవళ్ళ ఫ్యాక్టరీ గేటు

యమ్నా గేటు కొడుతున్నప్పుడు మేము చేపల తలలు కోస్తున్నాం. ఈ మాట ముందే చెప్పాలి. తరవాత చాలామంది మమ్మల్ని మెచ్చుకున్నారు, యూనియన్ వాళ్ళు మా గురించి కాగితాల్లో రాశారు. ఆ రాతల్లో ఈ సంగతి లేదు.

సఫీ రేవుకి దక్షిణంగా ఒడ్డు వెంట వరసగా కవళ్ళ చేపని డబ్బాల్లో సర్దే ఫ్యాక్టరీలున్నాయి. ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కో కూత. మాది మూడు పొట్టి కూతలు. పక్కదానిది ఒకటే పొడుగు కూత, ఎద్దు రంకె వేసినట్టు ఉంటుంది. చేతులు రొట్టెల పిండిలో ఉన్నా, ఒళ్ళో పిల్ల పాలు తాగుతున్నా, మన కూత వినపడితే లేచి పోవాలి. పడవలు చేపతో వస్తున్నాయని దాని అర్థం. వెళ్ళకపోతే బల్ల దగ్గర మన చోటు ఆ సీజనంతా ఇంకొకరిది.

ఆ రోజు కూత పొద్దెక్కాక మోగింది. యమ్నా కూతురు హనియాకి అయిదో నెల. తెల్లవారుజాము నుంచీ ఒళ్ళు కాలిపోతోంది. యమ్నా గుమ్మంలో నిలబడి పిల్లని చూస్తోంది, రోడ్డుని చూస్తోంది. జ్వరమేగా, పిల్లలకి రాకుండా ఉంటుందా, పద అన్నది నేనే. పక్కింటి కుమ్మరి ముసలమ్మ దగ్గర పిల్లని పడుకోబెట్టి, నుదుటి మీద వెనిగర్ గుడ్డ వేసి వచ్చింది.

చివరి మనిషి లోపలికి రాగానే వాచ్‌మన్ బుషాయిబ్ గేటుకి తాళం వేస్తాడు. రేవులో చేప దిగటానికి ఒక గంట పట్టొచ్చు, నాలుగు పట్టొచ్చు. అంతసేపూ సిమెంటు నేల మీద కూర్చుంటాం. దానికి కూలి లేదు. తాళం లేకపోతే మేము ముందుగా చేప అందిన ఫ్యాక్టరీకి పోతామని యజమాని భయం. ఇది ఫ్రెంచివాళ్ళు పెట్టిన పద్ధతి. వాళ్ళు పోయి పదేళ్ళయింది. ఫ్యాక్టరీని హాజీ ఖద్దూర్ కొన్నాడు. యంత్రాలతోపాటు తాళమూ ఆయనకి దక్కింది.

రెండు గంటలు కూర్చున్నాం. లారీ వచ్చి, చేప లోపలికి దింపి, మళ్ళీ గేటు మూసిన కాసేపటికి కుమ్మరి ముసలమ్మ కోడలు పరిగెత్తుకొచ్చింది. గేటు సందులోంచి యమ్నా పేరు పెట్టి పిలిచింది. పిల్లకి ఫిట్స్ వస్తున్నాయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది అని చెప్పింది.

యమ్నా బుషాయిబ్‌ని అడిగింది. తాళంచెవి మేస్త్రీ దగ్గరుందన్నాడు. మేస్త్రీ మాతీని అడిగింది.

"చేప ఎండ తగిలి ఉంది. ఇప్పుడు నీకు తీస్తే ఇంకో నలభైమంది పిల్లలకి జ్వరాలొస్తాయి" అన్నాడు మాతీ. కేకలేం వెయ్యలేదు. మామూలుగానే అన్నాడు.

ఆమె వెళ్ళి గేటు కొట్టటం మొదలుపెట్టింది. రేకు గేటు. లోపలంతా మోగింది. మేము బల్లల దగ్గరకి వెళ్ళాం. కత్తెరతో తల, ఆ తరవాత పేగు, ఆ తరవాత ఉప్పునీళ్ళ తొట్టి. రెండువందల మందిమి. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. కొంతసేపటికి చప్పుడు ఆగింది. యమ్నా వచ్చి నా పక్కన తన చోట్లో నిలబడి కత్తెర తీసుకుంది. సాయంత్రం దాకా పనిచేసింది. ఆమె సర్దిన డబ్బాలు ఎప్పటిలాగే ఉన్నాయి, చేప పక్కన చేప, వెండి పొట్టలు పైకి.

హనియా పొద్దు వాలే అసర్ నమాజు వేళకి చనిపోయిందని ఇంటికి వెళ్ళాక తెలిసింది.

మర్నాడు మగవాళ్ళు పిల్లని తీసుకెళ్ళి పూడ్చి వచ్చారు. మాలో ఆడవాళ్ళు పూడ్చేరోజున స్మశానానికి పోరు. మేము యమ్నా గదిలో గోడల వెంట కూర్చున్నాం. ఆమెకి పాలు చేపుకొచ్చి రొమ్ముల దగ్గర బట్ట తడిసిపోతోంది. ఎవరో పొడిగుడ్డ ఇచ్చారు. అదీ తడిసింది.

మధ్యాహ్నం మేస్త్రీ మాతీ గాడిదబండి మీద పది పంచదార దిమ్మలు తెచ్చాడు. నీలం కాగితంలో చుట్టిన దిమ్మలు, ఒక్కోటి రెండు కిలోలు. హాజీగారు పంపారన్నాడు. చావింటికి పంచదార తేవటం మా ఊరి మర్యాద. తీసుకుంటే పరామర్శ ఒప్పుకున్నట్టు. దిమ్మ గడప దాటి లోపలికొచ్చాక ఆ మనిషితో ఇక తగువు ఉండదు. గుమ్మం దగ్గర కూర్చున్నది నేను. మొదటి దిమ్మ నా చేతికిచ్చాడు. చిన్నప్పటి నుంచి ఎన్ని చావు ఇళ్ళలో అందుకున్నానో, అలాగే రెండు చేతులూ చాచి అందుకున్నాను. అల్లా మీకు మేలు చెయ్యాలి అని కూడా అన్నాను. ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది. మాతీ ముఖం తేటపడింది. మిగతా తొమ్మిదీ చకచకా లోపల పేర్చి వెళ్ళిపోయాడు.

ఖనాతా పిన్ని సాయంత్రం వచ్చింది. మా ఫ్యాక్టరీ మొదటిసారి కూసిన రోజు నుంచీ బల్ల దగ్గర ఉన్న మనిషి. మూలనున్న నీలం కాగితాలు చూసి, ఎవరు తీసుకున్నారని అడిగింది. నేనేనన్నాను.

"పిల్ల ఖరీదు ఇరవై కిలోలని తేల్చావన్నమాట. బేరం బాగా చేశావే మహ్జూబా."



మూడు రోజులు వాదన నడిచింది. పంచదార తిప్పి పంపెయ్యాలని పిన్ని. పరామర్శ పంచదార తిప్పి పంపటం ఎక్కడైనా ఉందా, పాపం కాదా అని కొందరు. యమ్నా మొగుడు లార్బీ పడవ మీద వల లాగుతాడు, ఆ పడవ హాజీ బావమరిదిది. అయిపోయిందేదో అయిపోయింది, ఇంకో పిల్ల పుడుతుంది అన్నాడు గోడకేసి చూస్తూ. అతని మీద కోపం తెచ్చుకోవటానికి కూడా ఎవరికీ ఓపిక లేదు.

పిన్ని వాళ్ళకి ఊరి సంగతి చెప్పింది. ఆమె చిన్నప్పుడు సఫీ అంటే కుండలు కాల్చే గుట్ట, కోట గోడ, నాలుగు పడవలు. కరువొచ్చి అబ్దా పల్లెల నుంచి జనం నడిచి వచ్చారు. ఫ్రెంచివాళ్ళు సముద్రంలో రాళ్ళు పోసి అడ్డకట్ట కట్టారు. ఫాస్ఫేటు కోసం రైలు వేశారు. ఒక ఫ్యాక్టరీ లేచింది, పది లేచాయి, ఒడ్డంతా పొగగొట్టాలే. ప్రపంచంలో ఇంత కవళ్ళు దింపే రేవు ఇంకోటి లేదని ఇప్పుడు రేడియోలో చెబుతారు. యజమానులకి దూరాన పట్నంలో అన్‌ఫా కొండమీద మేడలు, బ్యాంకుకి పాలరాతి మెట్లు. ఆ చేప మొత్తం ఒక్కొక్కటీ ఒక ఆడదాని చేతిలోంచే డబ్బాలోకి పోయింది అంది పిన్ని. ఊరు ఇంత పెరిగింది గదా, గేటు తెరవమంటే తెరవటానికి ఎవడికీ చెయ్యి రాలేదేం అంది.

అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకున్న యమ్నా లేచి కూర్చుంది.

"అవి నా గదిలో ఉంటే నాకు ఊపిరాడట్లేదు. తీసుకుపోదాం" అంది.

అలా తేలింది, పంచదార తిప్పి ఇవ్వాలని, తాళం పోయేదాకా పని ఆపాలని. కానీ ఇంకో చిక్కుంది. మేము ఆగితే మా చేపని హాజీ పక్క ఫ్యాక్టరీకి అమ్మేస్తాడు. వాళ్ళు కోస్తే మా ఆగటం దండగ. పిన్నీ నేనూ ఆ ఫ్యాక్టరీలో పెద్దదిక్కయిన తామూ ఇంటికి వెళ్ళాం. ఆమె గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. లేవలేదు.

"మూడు కూతలవాళ్ళు మా గడపకొచ్చారే. దారి తప్పారా లల్లా?" అంది. గొప్పింటి అమ్మగార్లని పిలిచే పిలుపది.

పిన్ని నిలబడే సంగతి చెప్పింది. పిల్ల సంగతి తనకి తెలుసంది తామూ, అల్లా దయచూడాలంది. మళ్ళీ ఉల్లిపాయ అందుకుంది.

"రెండేళ్ళ కింద మేము ఆగినప్పుడు మా చేప కోసిందెవరు? ఆ నెల మీ వీధిలో ఆడవాళ్ళందరికీ కొత్త చెప్పులొచ్చాయి. నా కళ్ళతో చూశాను."

నేను నా కాళ్ళవైపు చూసుకున్నాను. నేనూ కొన్నాను.

"కొన్నాం. అరిగి కూడా పోయాయి" అంది పిన్ని.

తామూ నవ్వలేదు. టీ పెట్టింది, తాగాం. మాటిస్తావా అని పిన్ని అడిగితే, మా కూత మోగినప్పుడు చూద్దాం అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున మూడు కూతలు మోగాయి. రెండువందల మందిమీ వెళ్ళాం. గేటు తెరిచి ఉంది. గేటు దాకా వెళ్ళి ఆగిపోయాం. యమ్నా ముందుకి వచ్చి చంకలోని దిమ్మని గడప మీద పెట్టింది. తరవాత పిన్ని. తరవాత నేను. పది దిమ్మలూ అడ్డంగా వరసగా పెట్టాం. బుషాయిబ్ వాటిని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

లారీ వచ్చి మా వెనక ఆగింది. మాతీ బయటికొచ్చి, లోపలికి పదండి, చేప చచ్చిపోతోంది అని అరిచాడు.

"చేప సముద్రంలోనే చచ్చింది మాతీ. తాళం సంగతి చెప్పు" అంది పిన్ని.

మేము అడిగింది ఒక్కటే. మేము లోపలున్నంతసేపూ గేటుకి తాళం ఉండకూడదు. బిడ్డ కోసం పోవాలన్న మనిషిని ఆపకూడదు. హాజీ ఖద్దూర్ కారులో వచ్చాడు. కూతుళ్ళారా అని మొదలుపెట్టి, ఎవరో చదువుకున్నవాళ్ళు మీ బుర్రలు పాడుచేశారన్నాడు. అంతలో గడప మీది దిమ్మల్ని చూశాడు. వాటిని దాటి పోలేడు, కాలితో తన్నలేడు, జనమంతా చూస్తున్నారు. కారెక్కి వెళ్ళిపోయాడు. లారీ వెనక్కి తిరిగి పక్క ఫ్యాక్టరీ వైపు పోయింది.

పావుగంటకి పొడుగు కూత మోగింది.

మేమందరం రోడ్డుకేసి చూశాం. గుట్ట మీద నుంచి తెల్ల ముసుగుల్లో తామూ వాళ్ళు దిగుతున్నారు. నూటయాభై మంది ఉంటారు. ముందు తామూ. మాకేసి చూడలేదు. సరాసరి వాళ్ళ గేటు దగ్గరికి పోయారు. నా పక్కనున్నామె ఏడుపు మొదలుపెట్టింది. నాకు ఏమీ అనిపించలేదు. వాళ్ళు గేటు ముందు ఆగారు. గోడనీడ చూసుకుని ఒక్కొక్కరే కింద కూర్చున్నారు. తామూ కొంగులోంచి రొట్టె తీసి తుంచింది.

"కూత పెట్టారు గదా, తిండి వేళ అయిందేమో అనుకున్నాం" అంది వాళ్ళ మేస్త్రీతో, మాకు వినపడేలా.

మధ్యాహ్నానికి ఆ లారీలోనూ వెనక వచ్చిన లారీల్లోనూ చేప కంపు కొట్టింది. సముద్రపు కాకులు లారీల మీద వాలాయి. డ్రైవర్లు వాటిని తోలలేదు. వాళ్ళూ నీడకొచ్చి కూర్చున్నారు.

మూడింటికి పోలీసు జీపులొచ్చాయి. రెండు గేట్ల దగ్గరా ముందున్నవాళ్ళలోంచి పదకొండు మందిని లాగారు. ఖనాతా పిన్ని, తామూ, యమ్నా అందులో ఉన్నారు. ఎక్కించేముందు ఆఫీసరు యమ్నాని ఆపి, అసలు నీకేం కావాలమ్మా అని అడిగాడు.

"గేటుకి తాళం ఉండకూడదు."

"ఇంతేనా? దీనికా ఇంత గొడవ?"

 ఆమె తనే జీపెక్కింది. ఆ రోజు నేను మూడో వరసలో ఉన్నాను. నన్ను పట్టుకోలేదు.

మర్నాడు మళ్ళీ మూడు కూతలు మోగాయి. వెళ్ళాం. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి గోడలకి గొలుసులతో కట్టేసి ఉన్నాయి. తాళం తీసేశారు. దిమ్మలు కూడా లేవు, ఎవరు తీశారో. మాతీ గేటు మధ్యలో నిలబడి ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చూసుకోండి. హాజీగారు ఒప్పుకున్నారు. ఇక తాళం వెయ్యం. రండి."

ఎవరూ కదల్లేదు. ముందు వరసలో పిన్నీ యమ్నా వాళ్ళు నిలబడ్డ చోటు ఖాళీగా ఉంది. నేను వెళ్ళి అందులో నిలబడ్డాను. ఎందుకు వెళ్ళానో ఆలోచించలేదు, కాళ్ళు పోయాయి. అందరూ నన్నే చూస్తున్నారు.

"మావాళ్ళు ఇంకా స్టేషన్‌లో ఉన్నారు. ముందు ఆ తలుపు తీయించు" అన్నాను.

అది తన చేతిలో లేదన్నాడు మాతీ. హాజీగారి చేతిలో ఉందిగా, వెళ్ళి చెప్పు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

అక్కడే, తెరిచి ఉన్న గేటు ఎదుట నేల మీద కూర్చున్నాను. పక్కామె కూర్చుంది. తరవాత అందరూ కూర్చున్నారు. కాసేపటికి పక్క ఫ్యాక్టరీ పొడుగు కూత మోగింది. దాని అవతలిదీ, ఆ పైదీ మోగాయి. రోడ్డు మీద ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా దిగి వస్తున్నారు. ఎవరి ఫ్యాక్టరీకి వాళ్ళు మళ్ళే మలుపు మా గేటు ముందే ఉంది. మొదటి గుంపు మలుపు దాకా వచ్చి, మమ్మల్ని చూసి, ముసుగులు సర్దుకుని మా వెనక కూర్చుంది. తరవాతి గుంపుకి చోటు లేక రోడ్డు మీదే కూర్చున్నారు.