తల్లికి తెలియాల్సిన విషయం

అమెరికాలోని ఒహాయోలో సిటీ బస్సు నడిపే డోరీన్‌ని స్కూలువాళ్లు డ్యూటీ మధ్యలో పిలిపించారు. పిల్లల సంగతులు కొన్ని తల్లిదండ్రులకి చెప్పి తీరాలని కొత్త రూలట. ప్రిన్సిపాల్ హాస్కెల్ తలుపేసి, గొంతు తగ్గించి, "మీ అమ్మాయి తనని అబ్బాయిగా చూడమంటోంది, వెస్లీ అని పిలవమంటోంది. తల్లిగా తెలుసుకోవడం మీ హక్కు" అన్నాడు.

"ఆ పేరు పెట్టిందే నేను సార్, రెండేళ్ల కిందట. జుట్టు కత్తిరించిందీ నేనే."

హాస్కెల్ మొహం చిన్నబోయింది. సంతకానికి ఫైలు ముందుకు తోశాడు. అందులో డోరీన్‌కి వెస్లీ లెక్కల మార్కులు కనబడ్డాయి. వరసగా మూడుసార్లు ఫెయిల్.

"మరి ఇది నాకెందుకు చెప్పలేదు?"

"దానికి రూలేమీ లేదు మేడమ్."

డోరీన్‌కి ఒళ్లు మండింది. "పేరు సంగతి మేం చూసుకుంటాం. మీరు లెక్కలు చెప్పండి, చాలు" అని సంతకం గీకి, వెస్లీకి సాయంత్రం క్లాసులు రాయించుకునేదాకా కుర్చీ వదల్లేదు.