ముప్పై ఎనిమిది శాతం తేమ

నాకు తెలివి ఎక్కువ. ఆ సంగతి మా నాయన దేవేంద్రప్ప పత్తికొండ టమోటా మార్కెట్లో చెప్పని మనిషి లేడు.

బెంగళూరులో చిప్‌లు డిజైన్ చేస్తాను. మట్టిలో గుచ్చిన సెన్సరు తేమను బట్టి వోల్టేజీ ఇస్తుంది. దాన్ని అంకెగా మార్చేది నా చిప్. చిన్న బ్యాటరీతో మూడేళ్లు నడవాలని కరెంటు విషయంలో పరమ పిసినారితనం చేశాను. వోల్టేజీని పట్టి ఉంచే కెపాసిటర్‌ను బాగా చిన్నది చేసి, కొలత నింపాదిగా సాగేట్టు పెట్టాను. పత్తికొండలో పుట్టిన దాన్ని, ఎండ గురించి నాకొకరు చెప్పాలా? నలభై అయిదు డిగ్రీల దాకా పరీక్షించి చేతులు దులుపుకున్నాను. ఏప్రిల్లో ఒక సోమవారం లక్ష చిప్‌లకు ఆర్డరు వెళ్లాలి.

నమూనా చిప్ ఒకటి, అంకె కనబడే చిన్న పెట్టెలో బిగించి, మార్చిలో నాయన టమోటా చేలో పెట్టాను. "రోజూ మధ్యాహ్నం చూడు. ముప్పైకి తగ్గితేనే నీళ్లు కట్టు" అని చెప్పి వచ్చాను.

ఆర్డరుకు రెండు రోజుల ముందు, శనివారం ఊరికి వెళ్లేసరికి చేను వడిలిపోయి ఉంది. పూతంతా రాలింది. పెట్టె మీద అంకె చూస్తే ముప్పై ఎనిమిది.

పెట్టెను ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. లోపల డెబ్బై డిగ్రీలైనా ఉంటుంది. ఆ వేడికి కెపాసిటర్‌లో పట్టిన వోల్టేజీ, కొలిచేలోపే చిల్లు చెంబులో నీళ్లలా కారిపోతోంది. వోల్టేజీ తగ్గితే తడి ఉన్నట్టు లెక్క. ఎండ ముదిరేకొద్దీ చేను తడిగా ఉందని చెప్పే యంత్రాన్ని చేశాను నేను! సిగ్గుతో చచ్చిపోయాను.

"నాయనా, మన్ను పట్టి చూడలేదా?"

"చూడకేమి? పిడికిట్లో పడితే పొడిపొడిగా రాలిపాయె."

"మరి నీళ్లెందుకు కట్టలేదు?"

నాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నీ మిషను తడి ఉండాది అంటాండాది. సదువుకున్న బిడ్డ చేసింది అబద్ధం చెప్తాదా? నా చెయ్యే మొద్దుబారిందేమో అనుకుంటిని."

నాకు ఏడుపు ఆగలేదు. గట్టు మీద నిలబడే మేనేజరు శ్రీవిద్యకు ఫోన్ చేశాను. "ఆర్డరు ఆపండి మేడమ్. డిజైన్ తప్పు. తప్పు నాదే."

ఫోన్ పెట్టేసరికి నాయన వంగి గుప్పెడు మట్టి తీశాడు. కాసేపు నలిపి చూసి, నా అరచేతిలో పోశాడు.

"పొడిగానే ఉండాది గదమ్మా?" అని నన్నే అడిగాడు.