ఆవ మీదకి నీళ్ల డబ్బా

పెళ్లిమాటలకని కొండకర్ల ఆవ అనే పెద్ద చెరువుకి బయల్దేరుతుంటే, నాన్న అర్జునరావు ఆటోలోకి పెద్ద నీళ్ల డబ్బా ఎక్కించాడు. దేవి తల పట్టుకుంది.

"సెరువు కాడికి నీళ్లేటి నాన్నా? నవ్వుతారు!"

"నవ్వనీ. నీళ్ల మీదకెల్లేవోడు తాగే నీళ్లు మర్సిపోకూడదు."

సముద్రం మీద బతికిన మనిషి మరి. చేపల వేటకు తీసుకెళ్లే ఆ డబ్బాని ఇంటివాళ్లు తప్ప ఎవరూ నింపకూడదు, అది తాతల నాటి పట్టింపు. ఒకసారి పక్కింటి పిల్ల సాయానికొచ్చి నింపితే, పారబోసి భార్య పాపాయమ్మ చేత మళ్లీ నింపించాడు.

ద్వారకానగర్‌లో దేవి పనిచేసే బట్టల కొట్టు పక్కనే గుణశేఖర్ ఫోన్లు బాగుచేస్తాడు. ఆదివారాలు సొంతూరెళ్లి ఆవలో దోనె నడుపుతాడు. తంటా అక్కడే వచ్చింది. "ఒడ్డు కనిపించే నీళ్లల్లో తిరిగేవోడికి పిల్లనిత్తానా?" అని నాన్నది ఒకటే పాట. ఆయన్ని ఎదిరించి వెళ్లడం దేవి వల్ల కాదు. గుణశేఖర్ని వదులుకోవడం అసలే కాదు. పాపాయమ్మ పోరగా పోరగా, ఒకసారి చూసొద్దామన్నాడు నాన్న.

ఆవ నిండా తామరాకులు, వాటి మీద తీరిగ్గా నడిచే నీటికోళ్లు. చుట్టూ కొండలు, తాటిచెట్లు. గట్టు మీద బజ్జీల బండి ఘుమఘుమలాడుతోంది. గుణశేఖర్ తల్లి నాగమణి డబ్బా చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. దేవికి తల కొట్టేసినట్టయింది.

నాగమణి గట్టు మీదే ఉండిపోగా, రెండు తాటి దుంగలు తొలిచి జతకట్టిన దోనె ఎక్కారు గుణశేఖర్, దేవి, అమ్మానాన్నలు నలుగురూ, డబ్బాతో సహా.

"గెడ ఇలాగియ్యి, నాను నడుపుతాను," అని అర్జునరావు గుణశేఖర్ చేతిలోని పొడుగాటి కర్ర అందుకున్నాడు. ఎదురుగా అల వస్తున్నట్టు బలంగా తోశాడు. దోనె గిర్రున తిరిగి తామర తూడుల్లో ఇరుక్కుంది. మళ్లీ తోశాడు, ఇంకా ఇరుక్కుంది.

పాపాయమ్మకు నవ్వాగలేదు. "సంద్రాన్ని ఏలినోడివి, ఆకులకి దొరికిపోనావా!"

గుణశేఖర్ నవ్వలేదు. "మావయ్యా, దాహమేత్తంది. ఆ డబ్బాలో నీళ్లు కాసిన్ని పొయ్యరా?"

అర్జునరావు అనుమానంగా చూశాడు. "ఇన్ని నీళ్లున్నాయి గదా, తాగరా మీరు?"

"ఈ ఆకు నీళ్లా? మాయమ్మ సంపేత్తాది. గట్టు మీద నుయ్యుంది, దాని నీళ్లే తాగుతాం. ఇయ్యాల తేవడం మర్సిపోనాను."

అర్జునరావు మీసం కింద నవ్వొకటి కదిలింది. నీళ్లు పోసిచ్చాడు. తాగి, గుణశేఖర్ గెడ లాక్కోలేదు. పెద్దాయన చేతుల పక్కనే తన చేతులూ వేశాడు. "తొయ్యకండి మావయ్యా. అడుగుకి ఆనించి మెల్లగా వొంగండి." దోనె వెన్నలా కదిలింది.

గట్టెక్కగానే అర్జునరావు డబ్బాలో మిగిలిన నీళ్లన్నీ ఒంపేశాడు. వేట ముగిశాక ఆయన చేసే పనే అది. ఇక ఇంటికి పదమంటాడనుకుంది దేవి.

ఆయన ఖాళీ డబ్బా తెచ్చి గుణశేఖర్ ముందు పెట్టాడు.

"తెల్లారితే ఏటకెల్లాలి. మీ నూతి నీళ్లు నింపు బావూ. నువ్వే నింపు."

దేవికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. చేద తేవడానికి నూతి దగ్గరికి పరుగెత్తింది.