నాలుగో నంబరు చెయ్యి

పలాసలో ఆ మీటింగుకి దయమ్మ రానంది. "మన రగతం కంప్యూటర్లో పారతాదంట, సూసొద్దాం రాయే" అని మొగుడు యోబు బతిమాలితే బయల్దేరింది. ఆ బతిమాలడమే వింత. ఎండాకాలం మొదలు ఆ మనిషి ఆమెతో తిన్నగా మాట్లాడితే ఒట్టు.

కారణం చెయ్యి. ఉద్దానంలో కిడ్నీలు పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఎవరినడిగినా చెబుతారు, డయాలసిస్ మనిషికి చేతిలోనే ప్రాణం ఉంటుందని. ఆపరేషన్ చేసి అక్కడ ధమనినీ సిరనీ కలుపుతారు. కలిపిన చోట నెత్తురు జోరుగా పారుతూ జుమ్మని అదురుతుంది. వేలు పెడితే తెలుస్తుంది, చెవి పెడితే వినబడుతుంది. ఆ అదురు ఉన్నన్నాళ్ళూ మిషను నడుస్తుంది, మనిషి నడుస్తాడు.

దయమ్మ రోజూ తెల్లారగానే, ప్రార్థన కూడా చెయ్యకముందే, మొగుడి చేతిమీద చెవి ఆనించేది. జుమ్ము వినబడితే "స్తోత్రం ప్రభువా" అనుకుని అప్పుడు పొయ్యి ముట్టించేది. జీడిపప్పు కార్ఖానాలో పొట్టు తీసి తీసి అలిసిన ఒళ్ళు కదా, ఒక్కోరోజు అది వింటూనే మళ్ళీ కునుకు తీసేది.

గుడ్ ఫ్రైడే నాడూ అలాగే కునుకు తీసి లేచింది. చెవి కింద చెయ్యి మూగబోయింది.

"చెయ్యిమీద బరువేమైనా పడిందా?" అని ఆసుపత్రిలో నర్సు అడిగితే, పిచ్చిది, తను తలపెట్టి పడుకున్న సంగతి చెప్పేసింది. ఇంకేముంది! అత్త బుచ్చమ్మ ఊరంతా టముకు వేసింది. "మొగుడి సెయ్యి నొక్కీసి పేనం మీదికి తెచ్చినాది, దిక్కుమాల్ది!" చర్చిలో ఆడవాళ్ళు ఆమెను చూసి పక్కకి జరిగి కూచున్నారు. యోబు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చెయ్యి పనికిరాక, మిషను కోసం మెడకి గొట్టం వేయించుకొచ్చి మంచం వేరు చేసేశాడు. ఆ గొట్టం దగ్గర చీము పట్టి ఒకసారి చావు దాకా వెళ్ళొచ్చాడు. "ఈ బుర్ర నరికీసినా పాపం లేదు" అని దయమ్మ తన తలని తనే తిట్టుకునేది.

మీటింగు హాలు నిండా డయాలసిస్ మనుషులే. పట్నం కాలేజీ నుంచి వచ్చిన జాహ్నవి అనే పిల్ల, నవ్వు మొహం, మంచి మాట, తెరమీద చేతులు చూపించింది. చేతులంటే తోలూ ఎముకా లేవు, లోపలి గొట్టాలే. వాటిలో ఎర్రగా, నీలంగా నెత్తురు పరుగులు పెడుతోంది. నిరుడు వానాకాలంలో మీకు తీసిన స్కానుల నుంచే వీటిని తయారుచేశామంది. నెత్తురు ఎక్కడ జోరుగా పోతుందో, ఎక్కడ సుడి తిరుగుతుందో కంప్యూటర్ లెక్క కడుతుందట. సుడి తిరిగేచోట గోడ మందమెక్కి దారి ఇరుకవుతుందట.

"ఇదిగో, ఇది నాలుగో నంబరు చెయ్యి. మూసుకుపోతుందని క్రిస్మస్‌కి ముందే లెక్క వచ్చింది. అన్నట్టే ఈ వేసవిలో మూసుకుపోయింది. మా లెక్క తప్పలేదు!"

ముందు వరసలో పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. వెనకవాళ్ళూ అందుకున్నారు. యోబూ కొట్టాడు.

దయమ్మ కొట్టలేదు. తెరమీద మోచేతి కింద రెండు గుబ్బలు, వాటి మధ్య పీక నొక్కినట్టు సన్నటి చోటు. ఏళ్ళ తరబడి చెంప ఆనించిన చోటు తెలీకుండా ఉంటుందా!

లేచి నిలబడింది. "అమ్మా, ఆ సెయ్యి ఎవుల్ది?"

"పేర్లు ఉండవమ్మా, నంబరే. మీ వివరాలు బయటికి పోకూడదని రూలు."

"ముందే తెలిసినప్పుడు ఆ మనిసికి సెప్పలేదేటి?"

"ఇది పరీక్ష కదమ్మా. లెక్క నిజమవుతుందో లేదో చూడాలి కదా."

"సెప్తే బాగయ్యీదా?"

"ఆ గొట్టంలో చిన్న బెలూన్ ఉబ్బించి ఇరుకు తీసెయ్యొచ్చు, చిన్న పనే..." అనేసి, ఆ పిల్ల నాలిక్కరుచుకుంది.

"ఒకమాట సెప్పమ్మా. ఆ సెయ్యి మీద ఎవులైనా తల ఎట్టి పడుకుంటే మూసుకుపోనాదా?"

"అంత ఇరుకైపోయాక ఎవరు తల పెట్టినా, పెట్టకపోయినా మూసుకునేదే."

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపని ఊరికే అనలేదు. చెయ్యి పోయినందుకు ఇన్నాళ్ళూ లోలోపలే ఏడ్చిన దయమ్మ, ఆ చప్పట్లకి బావురుమంది. "నంబరు కాదమ్మా! యోబు! ఇదిగో, ఈడే, నా మొగుడు! సూడండి బాబూ, పోయిన తన సెయ్యికి తనే సప్పట్లు కొట్టుకున్నాడు!"

జాహ్నవి మొహంలో నవ్వు ఆరిపోయింది. తెరమీద నెత్తురు మాత్రం పారుతూనే ఉంది.

ఇంటికి వెళ్ళే కంచిలి బస్సులో యోబు ఆమె పక్కనే కూచున్నాడు. మూగబోయిన ఆ ఎడం చెయ్యి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"సెవి ఎట్టుకోయే" అన్నాడు.

"జుమ్మన్నప్పుడు ఇన్నందుకు పాపిట్టిదాన్నన్నారు. మూగదానికి సెవి ఎందుకు మావా? పట్టుకెళ్ళి మీ యమ్మ ఒళ్ళో ఎట్టు."

ఆ చేతిని తీసి అతని ఒళ్ళోనే పెట్టేసింది. పెడుతున్నప్పుడు ఆమె వేళ్ళు, పాడు అలవాటు, అదురు కోసం ఒకసారి వెతికాయి.