ఆయమ్మ నంబరు

ప్రవళిక ఎడమ పిడికిలి తెరుచుకోవాలంటే వేళ్లను లాగకూడదు. మణికట్టును లోపలికి వంచి కాసేపు అలాగే పట్టుకోవాలి. అప్పుడు బిగుసుకున్న వేళ్లు ఒక్కొక్కటే వదులవుతాయి. గ్రేస్ ఆ పని మీదే ఉంది. అరచేయి తెరుచుకోగానే చెమటకు నానిన మడతలను పొడిగుడ్డతో తుడిచి, మధ్యలో మెత్తటి గుడ్డ ఉండ పెట్టింది.

"టీచర్ అనవే" అంది.

ప్రవళికకు తొమ్మిదేళ్లు. మెడ నిలబెట్టడానికే సగం బలం పోతుంది. వచ్చినవి రెండే మాటలు. నీళ్లకు "నీ". ఇంకొకటి ఇప్పుడు అంది.

"ఆ...య."

"మల్ల అదే అంటున్నవ్" అని గ్రేస్ నవ్వింది. సోమవారం నుంచి ఈ పాఠం నడుస్తోంది.

నార్కట్‌పల్లి హైస్కూలు వెనక, ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసిన గది అది. ఇప్పుడు గోడలకు రంగు బొమ్మలున్నాయి, బయట ప్రత్యేకావసరాల పిల్లల కేంద్రమని బోర్డుంది. హైవే మీద లారీ హారన్ కొడితే ఉలిక్కిపడే పిల్లలు ఐదుగురు, ఎంత కొట్టినా వినపడనివాడు ఒకడు. టీచరు మనీష హైదరాబాదు నుంచి రోజూ బస్సులో వచ్చిపోతుంది. ఇరవై ఐదేళ్ల పిల్ల, చెడ్డది కాదు. ఆయా గ్రేస్, పదకొండేళ్లుగా.

సేవాభావంతో చేరావా అని ఎవరైనా అడిగితే గ్రేస్‌కు నవ్వొస్తుంది. లారీ నడిపే మొగుడు ఇంకో ఊళ్లో ఇంకో సంసారం చూసుకున్నాడు. బాపు జాషువా హైవే పనిలో కంకర మోసిన మనిషి, ఆ దుమ్ముకే ఊపిరి చాలక మంచం పట్టాడు. ఇక్కడ ఆయా పోస్టు ఖాళీ ఉందన్నారు, పదో తరగతి మెమో చాలన్నారు. చేరింది. మొదటి వారం పిల్లల చొంగ తుడిచి ఇంటికెళ్లి అన్నం తినలేకపోయింది కూడా.

ఆ పదకొండేళ్లలో నలుగురు టీచర్లు వచ్చిపోయారు, మనీష ఐదో ఆమె. వచ్చిన ప్రతి టీచరుకూ ఏ పిల్లను ఎలా ఎత్తాలో, ఎవరికి ఏ వైపు కూర్చుంటే వినపడుతుందో గ్రేసే చూపించింది. నేర్పేది ఆయా, నేర్చుకునేది టీచరు. మూడో టీచరు వెళ్లిపోయిన రోజు ఆమెకు కడుపు మండింది. ఆ మంటతోనే ఓపెన్ డిగ్రీ కట్టింది. తర్వాత స్పెషల్ బీఎడ్ రెండున్నరేళ్లు. ఆదివారాలు, దసరా సెలవులు, ఎండాకాలాలు అన్నీ నల్గొండలో క్లాసులకే పోయాయి. బియ్యం డబ్బా మీద ఫైలు పెట్టుకొని, బాపు దగ్గు వింటూ రాసేది. తన చేతులకు ఎప్పుడో తెలిసినదానికి పుస్తకంలో ఇంత పొడుగు పేర్లున్నాయా అని ఆశ్చర్యపోయేది. ఈమెకు బోధించడం వచ్చునని సర్టిఫికెట్ ఇవ్వాల్సింది మనీష. ఎక్కడ సంతకం పెట్టాలో మనీషకు గ్రేసే చూపించింది.

ప్రాక్టికల్ పరీక్షకు ఒక బోధన వస్తువు తయారు చేసుకోవాలి. గ్రేస్ స్టీలు చెంచా మెడను కొద్దిగా పక్కకు వంచి, పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టి, పైన చీరపేలిక బిగించి కట్టింది. ప్రవళిక కుడిచేతికి సరిపోయేలా. పరీక్షకు వచ్చినాయన మెచ్చుకొని, దీన్ని కేంద్రం స్టాకు రిజిస్టరులో ఎక్కించండి అన్నాడు. ఎక్కించారు. చెంచా వెనక తెల్ల పెయింటుతో పదిహేడు అని రాశారు. అలా ఆ గదిలో గ్రేస్ కంటే ముందు చెంచాకు నంబరొచ్చింది.

గ్రేస్ నంబరు, అంటే స్పెషల్ టీచరుగా రిజిస్ట్రేషన్, ఢిల్లీ నుంచి రావాలి. అది లేకుండా ఇలాంటి పిల్లలకు పాఠం చెప్పడం చట్టం ప్రకారం తప్పు. పదకొండేళ్లుగా ఆ తప్పు చేస్తున్నందుకే ఆమెకు జీతం. పరీక్ష పాసయిన ఎనిమిది నెలలకు, మొన్న సోమవారం ఆ నంబరు వచ్చింది. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించింది. ఒక జిరాక్స్, పావుకిలో పాలకోవా పట్టుకొని మండల ఆఫీసుకు వెళ్లి, క్లర్కు రఘుపతి చేతిలో పెట్టి "జర నా ఫైల్ల పెట్టుండ్రి సార్" అంది. అప్పటి నుంచి నడకలో కూడా తేడా వచ్చింది. టీచరు కుర్చీ వంక చూడటం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం అన్నం, పప్పు వచ్చాయి. గ్రేస్ చెంచాను ప్రవళిక చేతిలో పెట్టి, మోచేయి కింద ఒక్క వేలు ఆనించింది. చేయి పట్టుకోకూడదు. పట్టుకుంటే ముద్ద నోటికి చేరుతుంది కానీ చేయి మరిచిపోతుంది.

మొదటి ముద్ద చెంప మీద పడింది. తర్వాత మూడు నోట్లోకి పోయాయి. ఆగింది. మెడ వాలింది. మళ్లీ లేచింది. నాలుగో ముద్ద.

"మేడం, నాలుగు" అంది గ్రేస్.

మనీష రిజిస్టరులో రాసుకుంది. కేస్ స్టడీ ఫైలులో గ్రేస్ పెట్టుకున్న లక్ష్యం ఐదు. పదకొండు నెలలు పట్టింది నాలుగుకు.

మూడు గంటలకు రఘుపతి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చెప్పులు విప్పలేదు.

"గ్రేసూ, జర ఇటు రా."

కాగితం చేతికిచ్చాడు. "ఆయాలను పెట్టే ఏజెన్సోళ్లు పంపిన్రు. ఆయా పోస్టుల పది దాటి చదివినోళ్లు ఉండొద్దంట. నువ్విచ్చింది నేను కంప్యూటర్ల ఎక్కించిన. అది ఒప్పుకోలె. రేపటి సంది నువ్వు రావద్దు, ఇంకో మనిషిని పంపుతున్రు."

"మరి టీచర్ పోస్టు?"

"అది నోటిఫికేషన్ పడ్డప్పుడు."

"ఎప్పుడు పడ్తది సార్?"

"గది నాకెట్ల తెలుస్తది." గుమ్మం దిగబోయి ఆగాడు. "గా కాయితం ఎందుకిచ్చినవ్? ఎవడన్న అడిగిండా నిన్ను? డిగ్రీ ముచ్చట దాచుకుంటె మంచిగుంటుండె."

"సదివినంక చెప్పకుంటె తప్పనుకున్న."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. గ్రేస్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. మళ్లీ విప్పింది.

"సార్, నేను సదువలేదని రాసుకోండ్రి" అంది మెల్లగా. "నాకు నంబరు వద్దు. జర వాపస్ ఇయ్యుండ్రి."

"ఎక్కినంక తీసేసుడు నా చేతుల లేదు బిడ్డా."

ఆయన వెళ్లిపోయాడు. గ్రేస్ లోపలికొచ్చి చాపలు దులిపింది, ప్రవళిక మూతి తుడిచింది. మనీషకు విషయం చెప్పి, మోచేయి కింద వేలు ఎక్కడ ఆనించాలో రెండుసార్లు చూపించింది. మనీష కళ్లు తుడుచుకుంటూ తలూపింది కానీ వేలు మాత్రం రెండుసార్లూ తప్పు చోటే పెట్టింది.

నాలుగింటికి ప్రవళిక అవ్వ మారెమ్మ ఆటో దిగింది. "రేపు జల్ది తోలుకొస్త ఆయమ్మా" అంది మనవరాలిని భుజానికెత్తుకుంటూ. గ్రేస్ "మంచిది" అంది. చెంచా సంచిలో వేసుకుందామని చేతిలోకి తీసుకుంది. వెనక పదిహేడు కనిపించింది. స్టాకు వస్తువు పోతే మనీష జవాబు చెప్పుకోవాలి. కడిగి అలమరలో పెట్టి, తాళంచెవి మనీషకిచ్చి, హైవే దాటి వెళ్లిపోయింది.

మర్నాడు వచ్చిన గుర్వమ్మ పది తప్పిన మనిషి. మంచిది, పనిమంతురాలు. మధ్యాహ్నం ప్రవళిక తలుపు వైపు మెడ తిప్పి, "ఆ...య" అంది.

"వస్తున్న బిడ్డా" అని గుర్వమ్మ వచ్చింది.

ప్రవళిక ఆమె మొహం చూసింది. మళ్లీ తలుపు వైపు తిరిగి, ఈసారి గట్టిగా "ఆ...య" అంది. గుర్వమ్మ ఇక్కడే ఉన్న కదా అంటూ దగ్గరికి జరిగింది. ఆ పిల్లకు టీచర్ అనే మాట నేర్పాలని వారమంతా తంటాలు పడిన గ్రేస్‌కు, తన పేరు నేర్పాలని ఏనాడూ తోచలేదు.

గుర్వమ్మ అన్నం కలిపి, చకచకా పది ముద్దలు తినిపించింది. అంత తొందరగా ఆ పిల్ల ఎన్నడూ తినలేదని మనీష రిజిస్టరులో రాసింది. అలమరలో, సుద్దముక్కల డబ్బా పక్కన పదిహేడో నంబరు చెంచా బోర్లా ఉంది, పిడికి చుట్టిన చీరపేలిక మీద చిన్న బొటనవేలి గుంటతో.