అత్తగారి నీలం

కప్పును తువ్వాలులో చుట్టి, చంకన పెట్టుకుని, కోడలు లైట్ల దుకాణానికి ఒక్క పరుగున వచ్చింది. సాయంత్రం ఐదింటిలోపు ఫోటో పంపకపోతే అత్తగారి నీలానికి నూకలు చెల్లినట్టే.

ఆ నీలం అత్తగారు ముప్పై ఏళ్ళుగా తన చేతులతో కలిపే పూత. కప్పులకు పూసి బట్టీలో కాలిస్తే నిగనిగలాడుతుంది. కోడలు ఒకవైపు కిటికీ వెలుతురు, ఇంకోవైపు పసుపు బల్బు పెట్టి ఫోటోలు తీసి ఆన్‌లైన్ దుకాణానికి పంపింది. ఫోటోలో ఆకుపచ్చగా చూసి మోజుపడ్డవాళ్ళ చేతికి నీలం కప్పు వచ్చింది. రంగు తప్పిందని అందరూ తిప్పి పంపారు. "ఇంకొక్క ఫోటో చూస్తాను. అదీ తేడాగా ఉంటే ఇకమీదట తెల్లవే చేయండి," అని దుకాణం నడిపే ఆవిడ తెగేసి చెప్పింది. ఆ రోజు నుంచి అత్తగారు నీలం ముట్టలేదు. అడిగితే నడుం నొప్పి అంటున్నారు.

"ఫ్లాష్ తీసుకో తల్లీ, ఫెళ్ళున మెరుస్తుంది," అన్నాడు లైట్ల దుకాణదారు. అన్నిట్లోకీ ఖరీదైనదే ముందు చేతికి తగలడం అతనికి అలవాటు.

"మెరిసి ఆరిపోయేది నాకెందుకన్నా? వెలుగుతూనే ఉండాలి. బటన్ నొక్కకముందే కప్పు ఎలా పడుతుందో నా కళ్ళకి కనబడాలి. చవగ్గానూ ఉండాలి. ముందు షాపులో లైట్లన్నీ ఆర్పు."

"లైట్ల షాపులో లైట్లార్పమంటావా?" అతను నోరెళ్ళబెట్టాడు.

చివరికి కిటికీ లేని సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి, ఒక్కో బల్బూ వెలిగించాడు. మొదటిదాని కింద నీలం బురదయింది. రెండోదాని కింద ఆకుపచ్చకు తిరిగింది. మూడోదాని కింద పాలిపోయింది. నాలుగోది వెలగగానే కోడలు చిన్నపిల్లలా గంతేసింది.

"ఇదే! ఇదే! అచ్చం ఇలాంటివే రెండివ్వు. ఒకటి తెలుపు, ఒకటి పసుపు ఇచ్చావంటే నా కొంప మునుగుతుంది."

బల్బులు రెండు, వాటిని బిగించే క్లిప్పులు రెండు. ఆమె కొన్నవి అంతే, మామూలు ఇంటి బల్బుల ధరకే వచ్చాయి.

ఇంటికొచ్చి పరదాలు దించి, మిగతా లైట్లన్నీ ఆర్పింది. వెలుతురు మెత్తబడేందుకు బల్బులకు కాస్త దూరంగా పల్చటి తెల్ల కాగితాలు వేలాడదీసింది. ఒక బల్బును కుర్చీకి బిగించింది. రెండోదానికి ఆధారం దొరక్క అత్తగారి చేతికిచ్చి నిలబెట్టింది. ఫోటో తీసింది. నీలం వచ్చింది! కానీ కప్పు పొట్ట మీద ఎర్రటి మరక.

కప్పు తుడిచింది. కాగితం మార్చింది. మరక పోలేదు. నాలుగున్నర దాటింది. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగి, ఫోటోను పెద్దది చేసి చూసింది. మరకకు చేతులున్నాయి.

"అత్తయ్యా! మీరు కప్పులో ఉన్నారు!"

"నేనా? నేనిక్కడే ఉన్నాను కదే!"

"మీ ఎర్ర స్వెట్టరండీ బాబూ!"

తెల్ల దుప్పటి తెచ్చి అత్తగారిని తల నుంచి కాళ్ళదాకా చుట్టేసింది. ఇద్దరికీ నవ్వాగలేదు. చెయ్యి వణక్కుండా తీసేసరికి తాతలు దిగొచ్చారు. ఐదుకు మూడు నిమిషాలుందనగా ఫోటో వెళ్ళింది.

ఐదు దాటాక జవాబొచ్చింది. "నా దగ్గరకు తిరిగొచ్చిన కప్పు పక్కన ఫోటో పెట్టి చూశాను. అదే రంగు. నీలం ఆపకండి. ఇంకో యాభై పంపండి."

కోడలు కేక పెట్టింది. అత్తగారు మాత్రం అరవలేదు. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో కప్పు పట్టుకుని, అటూ ఇటూ మార్చి మార్చి చూశారు. కళ్ళు నిండాయి.

"నడుం నొప్పి కాదే," అన్నారు మెల్లగా. "రంగు తప్పిందని అన్నీ తిరిగొస్తుంటే నాకు చూపు పోయిందనుకున్నాను. నీకు చెప్పడానికి భయమేసింది."

కోడలు ఆమెను గట్టిగా వాటేసుకుంది.

"వదలవే," అన్నారు అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ. "యాభై కప్పులంటే మాటలా? ఇప్పుడే పూత కలపాలి."