నాలుగో క్రేన్‌లో హ్వీఫెన్

ఓక్లాండ్ రేవులో నాలుగో క్రేన్ ఎక్కమంటే లానీ ఆర్సెనో తప్ప అందరూ తప్పించుకుంటారు. తాళం తిప్పగానే క్యాబిన్‌లో ఓ ఆడగొంతు పలుకుతుంది. చచ్చిపోయిన మనిషి గొంతు. ఆ క్రేన్ షాంఘై నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు దాన్ని నిలబెట్టడానికి వెంట వచ్చిన ఇంజనీరు హ్వీఫెన్‌ది ఆ గొంతు. వచ్చిన మనిషి లానీని పెళ్లాడి ఇక్కడే ఉండిపోయింది. ఆమె పోయి ఆరేళ్లయినా గొంతు మాత్రం రోజూ డ్యూటీకి వస్తోంది.

ఆ గొంతు చెప్పే మొదటి మాట 'జాగ్రత్త'. అది కంపెనీ పెట్టించింది. రెండోది ఆవిడ సొంత పైత్యం: "మేమే జ్యో." నెమ్మదిగా, కంగారు పడకు అని. షాంఘై వాళ్లు ఇంట్లో అనుకునే మాట. లానీ మెట్లు దూకుతూ దిగినప్పుడల్లా వెనకనుంచి అదే అనేది. "మేకలా అరుస్తావేంటే!" అని అతను ఏడిపించేవాడు. ఇప్పుడది వినకపోతే అతనికి చేతులాడవు. సీటు వెనక ఎవరో నిలబడ్డట్టే ఉంటుంది. ఒళ్లు జలదరిస్తుంది. అయినా తిరిగి చూడకుండా ఉండలేడు.

ఈ ఏడాది చైనాకూ ఈ దేశానికీ బొత్తిగా పడటం లేదు. పంతానికి పోయి సుంకాల మీద సుంకాలు వేసుకుంటే రేవుకు ఓడలు పలచబడ్డాయి. అది చాలదన్నట్టు, చైనా క్రేన్లు రేవు సరుకుల గుట్టు అవతలికి చేరవేస్తున్నాయని వాషింగ్టన్ పెద్దలకు అనుమానం పట్టుకుంది. వాటిలోని కంప్యూటర్లు పీకి కొత్తవి పెట్టమన్నారు. ఆ పని మీదే హాల్డేన్ అనే ప్రభుత్వ అధికారిణి నాలుగో క్రేన్ ఎక్కి, లానీ పక్కన నిలబడి తాళం తిప్పించింది. గొంతు పలికింది.

"ఈ రెండో మాట కంపెనీ కాగితాల్లో లేదు," అందావిడ. "మావాళ్లు విని, ముక్కకు ముక్క 'మెల్లమెల్లగా పిలువు' అని అర్థం రాశారు. ఎవర్ని పిలవమంటోందండీ?"

లానీకి నవ్వొచ్చింది. మరుక్షణమే కూతురు గుర్తొచ్చింది. లినెట్ నౌకాదళం ఆఫీసులో పనిచేస్తోంది. ఈ మధ్యే ఆ పిల్ల పుట్టుపూర్వోత్తరాలు కొత్తగా తవ్వుతున్నారు. తల్లి చైనా క్రేన్‌లో దొంగచాటుగా మాట దూర్చిందని తెలిస్తే పిల్ల ఉద్యోగం గాల్లో దీపమే.

"ఏమో, నాకేం తెలుసు!"

"గొంతు గుర్తుపట్టారా?"

"లేదండీ."

ఆవిడ అతని ముఖంలోకే చూసింది. "తొందరేం లేదు. మళ్లీ వినండి. మీకు తెలిసినవాళ్లదైతే చెప్పండి, ఏం కాదు."

గొంతు మళ్లీ పలికింది. ఈసారి సరిగ్గా మెడ వెనకనుంచే వినిపించింది లానీకి. నన్ను పరిచయం చెయ్యవా అన్నట్టు ఎదురుచూస్తోందనిపించింది. వెనక్కి తిరగలేదు.

"నాకు తెలియని మనిషండీ," అన్నాడు.

హాల్డేన్ నిట్టూర్చి, చెరిపెయ్యమని కింద ఉన్నవాళ్లకు చెయ్యి ఊపింది. క్యాబిన్‌లో కంప్యూటర్ తెర నల్లబడింది.

సాయంత్రం లానీ అన్నం, ఎర్ర చిక్కుళ్ల కూర వేడి చేసుకుంటుంటే లినెట్ ఫోన్ చేసింది.

"నాన్నా, తెచ్చావా?"

"ఏంటే తెచ్చేది?"

"అమ్మ గొంతు! పోయిన నెల ఆఫీసులో నన్ను కూర్చోబెట్టి అడిగినప్పుడే మొత్తం చెప్పేశాను. ఆ మాట అమ్మదే, దానర్థం ఇదీ అని. వాళ్లు నవ్వి, క్రేన్ చూసే హాల్డేన్‌కీ చెబుతామన్నారు. చెరిపేముందు మా నాన్నకో కాపీ ఇవ్వండని కాళ్లావేళ్లా పడ్డాను. ముందుగా నీకు చెప్పొద్దన్నారు. నీ అంతట నువ్వు మా ఆవిడే అంటే చాలు, ఇచ్చేస్తామన్నారు."

పొయ్యి మీద కూర మాడుతోంది.

"నాన్నా? ఏమన్నావు వాళ్లతో?"

"మీ అమ్మ వింటుండగానే అన్నానే," అన్నాడు లానీ. "తెలియని మనిషని."